విస్సు తాగిన ఏడు గ్లాసులు

లూర్దమ్మ నాచారంలో బస్సెక్కితే చాలు, ఎవరో ఒక తల్లి లేచి చోటిచ్చేది. ఒక్కోసారి ఉప్పల్ వైపు నుంచి ఎదురొచ్చే బస్సు కిటికీలోంచి ఎవరో మెడ చాచి, "ఆయమ్మా! మావోనికి పొద్దుగాలనే అయింది!" అని కేక పెట్టేవారు.

"దేవునికి స్తోత్రం బిడ్డా! నీళ్లు తాపుడు మాత్రం ఇడువకు!" అని లూర్దమ్మ ఇటునుంచి కేక పెట్టేది. రెండు బస్సులూ కదిలిపోయేవి. ఏమైందో, ఎవరికైందో అంతుపట్టక కండక్టరు టికెట్ల కట్ట పట్టుకుని ఆమె దగ్గరే ఆగిపోయేవాడు.

"ఏందమ్మా, పోరడు పరీక్ష పాసయిండా?"

"దానికంటే పెద్దది నాయనా," అని ఆమె కొంగు సర్దుకునేది.

పందొమ్మిది వందల తొంభై ఒకటి నాటికి లూర్దమ్మకు యాభై రెండేళ్లు. పుట్టింది జనగామ పక్క పల్లెలో. సిస్టరమ్మల బడిలో ఐదో తరగతి దాకా చదివింది, వాళ్ల చిన్న ఆస్పత్రిలోనే పసిపిల్లల బట్టలు ఉతుకుతూ పెద్దదైంది. మొగుడు శాంతయ్యకు నాచారం ఫ్యాక్టరీలో రాత్రి కాపలా పని దొరికితే అతని వెంట పట్నం వచ్చింది. వచ్చిన మూడో నెలలోనే పిల్లల డాక్టరు త్రిపురసుందరిగారి ఆస్పత్రిలో ఆయాగా కుదిరింది. పద్దెనిమిదేళ్లుగా అక్కడే. డాక్టరమ్మది కాకినాడ వైపు. ఆమె పొట్ట నొక్కి, గుండె విని రోగం కనిపెట్టేది. లూర్దమ్మ మాత్రం పిల్లాడు గేటు దగ్గర నుంచి బల్ల దాకా నడిచి వచ్చేలోగా నడకలోనే చదివేసేది.

"గీనికి నాలుగొద్దులాయె," అనేది చీటీ రాస్తూనే.

తర్వాత లోపల డాక్టరమ్మ, "ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగితే, తల్లి తల వంచుకుని, "నాలుగు రోజులండీ," అనేది. డాక్టరమ్మ కళ్లద్దాల పైనుంచి లూర్దమ్మ వైపు చూసేది. లూర్దమ్మ కిటికీలోంచి బయటికి చూసేది.

ఆ మాట పలకడానికి అందరికీ సిగ్గే. చదువుకున్న తల్లులు 'మోషన్' అనేవారు, కొందరు సైగ చేసేవారు, ఒకావిడైతే కాగితం మీద రాసి ఇచ్చింది. లూర్దమ్మకు మాత్రం ఆ సిగ్గు లేదు. "తిన్నది దేవుడిచ్చిందైతే, పోయేది సైతాన్‌దా ఏంది? రెండూ ఆయన చేసిన ఏర్పాటే. దొడ్డికి అని గట్టిగ చెప్పు, మొకం కడుక్కున్నట్టు చెప్పు," అనేది. అంటే ఆ తల్లి నవ్వేది. నవ్విన తల్లిని చూసి ఒళ్లోని పిల్లాడి ఏడుపు కాస్త తగ్గేది.

అటువంటి లూర్దమ్మకు తన వాకిట్లోనే పరీక్ష వచ్చింది.

వాళ్లుండేది నర్సయ్య పటేలు వాడలో. నడుమ బండలు పరిచిన వాకిలి, వాకిట్లో ఒక్కటే నల్లా, చుట్టూ నాలుగు పోర్షన్లు. ఒకదానిలో ఇంటి ఓనరు నర్సయ్య, అతని ముసలి తల్లి. ఒకదానిలో లూర్దమ్మ, శాంతయ్య. ఒకదానిలో మిషను కుట్టే తారామణి. నాలుగోదానిలో ఏడాది కింద తణుకు వైపు నుంచి వచ్చిన త్రిమూర్తులు, కామాక్షి, వాళ్ల రెండున్నరేళ్ల కొడుకు. త్రిమూర్తులు ఉప్పల్లో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తా. కొడుకు పేరు విశ్వనాథం. పోయిన తాతగారి పేరు. ఆ పేరు పెట్టి "ఒరేయ్" అనడానికి కామాక్షికి నోరు రాదు, మామగారి పేరాయె. అందుకని ఇంట్లో వాడు విస్సు, వాడకంతా ఇస్సు.

ఇస్సు అంటే వాడకు ప్రాణం. బొద్దుగా, బూరెల బుగ్గలతో, నడిస్తే కాళ్ల కంటే ముందు పొట్ట వచ్చేది. ఎప్పుడూ చేతిలో ఒక బుల్లి స్టీలు గ్లాసు. పడుకున్నా వదిలేవాడు కాదు.

ఆ గురువారం కామాక్షి వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి వచ్చింది. లూర్దమ్మ నడక చూడాల్సిన పని లేకపోయింది. వాడు దిగి నడవనే లేదు.

"ఆరు రోజులు పిన్నిగారూ," అంది కామాక్షి. "అన్నం ముట్టడు. చివరిసారి రాయిలా వచ్చి, రక్తపు చార కనబడి, గుక్కపట్టి ఏడ్చాడు. ఆ తరవాత మళ్లీ లేదు."

డాక్టరమ్మ పిల్లాణ్ణి పడుకోబెట్టి పొట్ట నెమ్మదిగా తడిమి చూసింది. తియ్యటి మందొకటి రాసిచ్చింది. "పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులు. అంతకు మించి చుక్క వద్దు. పాలతో పొట్ట నిండితే అన్నానికి చోటేదమ్మా? నీళ్లు బాగా పట్టించు. బొప్పాయి, జామ, ఆకుకూర పప్పు. తిన్నాక అయిదు నిమిషాలు కూర్చోబెట్టు, వస్తే వచ్చింది, రాకపోతే లేపెయ్యి, కసురుకోవద్దు. ఆముదం పొయ్యడం, సబ్బు ముక్క పెట్టడం చేశావంటే ఊరుకోను. పొట్ట ఉబ్బినా, వాంతులైనా అర్ధరాత్రైనా తీసుకురా. లేదంటే సోమవారం చూస్తాను."

కామాక్షి చీటీ మడిచి గుప్పిట్లో పట్టుకుంది కానీ కుర్చీలోంచి లేవలేదు.

"సోమవారానికి వీడు నా దగ్గరుండడండీ."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. త్రిమూర్తులు ముందురోజు టెలిఫోను బూత్ నుంచి వాళ్లమ్మకు ఫోను చేశాడు. ఆమె ఒక్కటే మాట అంది: "పిల్లాణ్ణి పెంచడం రాకపోతే నాకు తెచ్చి ఇవ్వండి. బళ్లో వేసేదాకా నేనుంచుకుంటాను." త్రిమూర్తులు అమ్మ మాట దాటని మనిషి. ఆదివారం సాయంత్రం రైలుకు టికెట్లు కూడా తెచ్చేశాడు. తనకు పోనూ, రానూ; ఒళ్లో పిల్లాడికి టికెట్టు అక్కర్లేదు. కామాక్షికి తేలేదు.

"బళ్లో వెయ్యడమంటే ఇంకా రెండున్నరేళ్లు పిన్నిగారూ," అంది కామాక్షి. "ఆదివారంలోగా వాడు వెళ్తే ఆగుదామన్నారు. వెళ్లకపోతే..."

లూర్దమ్మ పద్దెనిమిదేళ్లలో ఎందరు తల్లుల కళ్లు తుడిచిందో. ఈసారి తన కొంగు తనకే కావలసి వచ్చింది. "నువ్ ఫికర్ జెయ్యకు బిడ్డా. మూడొద్దులున్నయ్. లోకాన్ని చేసినాయనకు గిదో లెక్కనా?" అంది. అనేసి, లోపల మరియమ్మ తల్లికి ఒక దండం పెట్టుకుంది, మాటిచ్చాను, నువ్వు చూసుకో అని.

శుక్రవారం పొద్దున కామాక్షి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. మందు పోసింది. పాలు ఒక గ్లాసు పొద్దున, ఒకటి సాయంత్రం. పప్పు మెత్తగా కలిపి గోరుముద్దలు చేసి కూర్చుంది. విస్సు నోరు బిగించాడు. బొప్పాయి ముక్క పెడితే ఉమ్మేశాడు. మధ్యాహ్నం కూడా అంతే.

సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చిన లూర్దమ్మకు ఇది వింతగా తోచింది. రెండు గ్లాసుల పాలతో రెండున్నరేళ్ల పిల్లాడు ఆకలి లేకుండా ఎలా తిరుగుతాడు? ఆమె చెప్పులు విప్పకుండా నల్లా దగ్గరి బండ మీద కూర్చుని, పిల్లాణ్ణి వాడి మానాన వదిలి చూస్తూ ఉండిపోయింది.

విస్సు గ్లాసు ఊపుకుంటూ బయల్దేరాడు.

మొదట తారామణి గడప. మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి వాడు పైపెదవి మీద తెల్ల మీసంతో బయటికొచ్చాడు. తర్వాత నర్సయ్య తల్లి. ముసలామె ముడతల చేతులతో గ్లాసు పట్టి, "తాగు నా కొండా, అన్నం దింటలేవట," అని తాగించింది. ఆ తర్వాత వెనక గోడకున్న చిన్న తలుపు. అవతల మొగిలయ్య కొట్టం, రెండు బర్రెలు. పితికే చప్పుడు వినబడగానే విస్సు నడక పరుగైంది. గోడ మీదుగా మొగిలయ్య గొంతు: "రా దొరా రా! నీ గ్లాసేది?"

తెల్లవారుజామున పితికినప్పుడు కూడా ఒక గ్లాసు తాగే వెళ్తాడట వాడు, అడిగితే మొగిలయ్యే చెప్పాడు. కామాక్షి చెంబు పట్టుకుని పాలకు నిలబడినప్పుడు, ఆమె అటు తిరిగిన క్షణంలో.

లూర్దమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తల్లి ఇచ్చేవి రెండు, మొగిలయ్యవి రెండు, తారామణిది ఒకటి, ముసలామెది ఒకటి. ఆరు. "ఓ దేవా, ఆరు!" అనుకుంటుండగానే వాడు నాలుగో గడప ఎక్కాడు. ఆ గడప ఆమెదే.

లోపల శాంతయ్య, రాత్రి డ్యూటీకి పోయే ముందు చాయ్ కోసం ఉంచుకున్న పాలను వంచి గ్లాసులో పోస్తున్నాడు. భార్యను చూసి గిన్నె వెనక్కి దాచాడు.

"ఎన్నిదినాల సంది నడుస్తుంది గీ కథ?" అంది లూర్దమ్మ.

"నల్ల చాయ్ ఒంటికి మంచిదని నువ్వే గదా చెప్పినవ్," అన్నాడు శాంతయ్య.

ఊళ్లో అందరి పిల్లల నడకలూ చదివిన మనిషికి, తన ఇంట్లోంచి పోయే గ్లాసెడు పాలు కనబడలేదు. ఆమెకు కోపం రావాల్సింది. నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ గోడకు జారబడి కూర్చుంది. విస్సు ఆమెను చూసి తనూ నవ్వి, ఖాళీ గ్లాసు ఆమెకే చాచాడు, ఇంకా పొయ్యమని.

శనివారం పొద్దున నల్లా వచ్చే వేళకు వాడంతా బిందెలతో వాకిట్లో ఉంది. లూర్దమ్మ నడుమ నిలబడింది.

"అందరు ఇనుండ్రి. డాక్టరమ్మ రెండు గ్లాసులన్నది. పోరడు దినాం ఏడు తాగుతుండు. ఏడు! దూడ గూడ గన్ని తాగదు."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికి వారు తామొక్కరమే పోస్తున్నామనుకున్నారు మరి. తారామణి బిందె కింద పెట్టి, "అన్నం దింటలేడని గోసైతుంటే పోసిన ఆయమ్మా," అంది. ముసలామె, "నేను గూడ గందుకే," అంది. పాలు పోసేది అన్నం తినడం లేదని. అన్నం తిననిది పాలు పోసినందుకు. వాడలోని దయంతా ఆ పసివాడి పొట్టలో చేరి గట్టిపడి కూర్చుంది.

చిన్న తలుపులోంచి మొగిలయ్య వచ్చాడు. అతని మొహం ఎర్రబడింది.

"ఏంది లూర్దక్కా, నా బర్రె పాల మీద నింద పెడుతున్నవా?"

"నింద గాదు తమ్మీ. నీ పాలు మంచియే. వానికి మస్తయితున్నయ్ అంటున్న, గంతే."

"మంచియేనా? గిట్ల జెప్తే ఎట్ల?" మొగిలయ్యకు గుండె మండింది. "వానికి పోసేటియి చుక్క నీళ్లు గలపని పాలక్కా! మల్లన్న తోడు! వాని మట్టుకే వేరే చెంబుల పిండి పక్కకు పెడ్త!"

నల్లా కింద బిందె నిండి బండల మీదికి పొర్లింది.

"వాని మట్టుకేనా అన్నా?" అంది తారామణి మెల్లగా. "మరి మాయి?"

మొగిలయ్య తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ముందు నవ్వింది ముసలామె, పళ్లు లేని నోటితో. ఆ తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. కామాక్షి ఆరేడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వి, నవ్వినందుకు తానే ఉలిక్కిపడింది.

"ఇగ చూడు తమ్మీ," అంది లూర్దమ్మ, నవ్వు ఆపుకుంటూ. "వాని చెంబు బంద్. కామాక్షి చెంబుల పోసే పాలల్లకెళ్లి రెండు గ్లాసులు. మాకు పోసేటియే."

"గవి గట్టిగుండయ్ గదక్కా," అన్నాడు మొగిలయ్య తల గోక్కుంటూ.

"మాకెర్కే. పదేండ్ల సంది తాగుతున్నం."

ఆ రోజు వాడకు పెద్ద పరీక్ష. ఎవరూ పాలు పొయ్యకూడదు. పదింటికి విస్సు గ్లాసు పట్టుకుని బయల్దేరాడు. తారామణి తలుపు వేసుంది. వాడు గ్లాసుతో తలుపు కొట్టాడు, టింగ్, టింగ్. లోపల తారామణి మిషను ఆపి, కుట్టే జాకెట్టు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముసలామె దుప్పటి ముసుగేసి నిద్ర నటించింది. మొగిలయ్య బర్రె వెనక దాక్కున్నాడు, వాడు బర్రె కాళ్ల సందులోంచి వంగి "మొగీ!" అని పిలిస్తే, "నేను లేను దొరా!" అన్నాడు. శాంతయ్య ఇంటికి తాళం వేసుకుని ఉప్పల్ చౌరస్తా దాకా అనవసరంగా నడిచి వచ్చాడు.

పన్నెండింటికి విస్సు వాకిలి నడుమ కూర్చుని గొంతెత్తాడు. వాడి జీవితంలో వాడకు వినబడిన మొదటి ఆకలి ఏడుపు అది. కామాక్షి తోటకూర పప్పు కలిపి ముద్ద నోటికి అందిస్తే మింగాడు. ఇంకో ముద్ద. మూడో ముద్దకు వాడే నోరు తెరిచాడు. మూడు గడపల్లోంచి మూడు తలలు బయటికొచ్చి చూశాయి. సాయంత్రానికి బొప్పాయి ముక్కలు తిన్నాడు, నీళ్లు తాగాడు, పక్క తడిపాడు. పక్క తడిపినందుకు కూడా మెచ్చుకున్నారు.

అయినా అసలు పని కాలేదు. రాత్రి త్రిమూర్తులు మంచం కింద నుంచి పెట్టె లాగాడు.

ఆదివారం లూర్దమ్మ చర్చిలో తెల్లవారి పూజకే పోయి వచ్చింది. గుళ్లో పెద్ద పెద్ద కోరికలు అడిగేవాళ్ల మధ్య మోకరించి తన కోరిక చెప్పుకుంది. ఇంత చిన్నది అడగడానికి మొహమాటపడలేదు. ఆయన కూడా ఒక తల్లి ఒళ్లో పెరిగినవాడే, ఆ తల్లికి ఇవన్నీ తెలిసే ఉంటాయి.

మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి కామాక్షి ఇంట్లో పెట్టె తెరిచి ఉంది. చిన్న చిన్న చొక్కాలు, లాగులు మడతలు పెట్టి ఉన్నాయి. నాలుగింటికి ఆటోవాడు వస్తానన్నాడట. విస్సు కనబడలేదు.

"అదిగో పిన్నిగారూ, ప్రయత్నిస్తున్నాడు పాపం," అన్నాడు త్రిమూర్తులు బియ్యం డ్రమ్ము వైపు చూపించి.

డ్రమ్ము వెనక గోడ మూలలో విస్సు మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడు. తొడలు బిగించి, గుప్పిళ్లు బిగించి, మొహం కందగడ్డలా చేసుకుని.

"పొద్దున్నుంచీ నాలుగోసారి," అన్నాడు త్రిమూర్తులు. "ముక్కుతున్నాడు, రావట్లేదు."

లూర్దమ్మ రెండు క్షణాలు చూసింది.

"ముక్కుతలేడు సారూ. ఆపుకుంటుండు."

"అదేంటండీ?"

"వచ్చేది వాపసు పంపుతుండు. ఆ దినం నొచ్చింది గదా, మల్ల నొస్తదని భయం. మందు దాని పని అది జేసింది. కడుపు దాని పని అది జేస్తుంది. పోరడే తలుపు వట్టుకొని నిలబడ్డడు."

గది నడుమ ఒక నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఉంది, బాతు ఆకారంలో, నడుమ తొట్టితో. త్రిమూర్తులు ఆబిడ్స్ నుంచి తెచ్చాడు. రోజూ వాణ్ణి దాని మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా గడియారం పట్టుకుని నిలబడి, "ఊఁ, కానీ, కానీ" అనేవాడు. పక్కన కామాక్షి చేతులు జోడించుకుని. గుమ్మంలో తారామణి, ముసలామె. చక్రవర్తి పట్టాభిషేకానికి కూడా అంతమంది అంత ఆత్రంగా చూసి ఉండరు.

"సారూ, ఏమనుకోకుండ్రి. మిమ్ములను గిట్ల నలుగురు సుట్టుముట్టి, గడియారం వట్టుకొని, కానీ కానీ అంటే మీకైతదా?"

త్రిమూర్తులు చెవులు ఎర్రబడ్డాయి. గడియారం జేబులో పెట్టుకున్నాడు.

"బయటికి నడువుండ్రి అందరు. నువ్ గూడ పో బిడ్డా. అయినా కాకున్నా ఎవ్వలు చప్పట్లు గొట్టొద్దు, అరవొద్దు. భయపడ్డడో, మల్ల మూసుకుంటడు."

అందరూ వాకిట్లోకి నడిచారు. లూర్దమ్మ బాతును మంచం కిందికి తోసింది. పాత పేపరు పరిచి, గోడకు వీపు ఆనించి, పల్లెల్లో తల్లులందరూ కూర్చునేట్టు కాళ్లు బారచాపి కూర్చుంది. విస్సును పిలిచి, లాగు విప్పి, తన రెండు పాదాల మీద గొంతుక్కూర్చోబెట్టుకుంది, తన మొహానికి ఎదురుగా. వాడి మోకాళ్లు పొట్టకు ఆనాయి. చల్లటి తొట్టి లేదు, వేలాడే కాళ్లు లేవు. కింద వెచ్చటి మనిషి పాదాలు.

విస్సు కింది పెదవి వణికింది. "నొప్పి," అన్నాడు.

"అవ్ కొడుకా, నొచ్చింది. నాకెర్కే." ఆమె తన రెండు బొటనవేళ్లు వాడి గుప్పిళ్లలో పెట్టింది. "గిప్పుడు నొస్తె గీ ఏళ్లు పిసుకు. గట్టిగ పిసుకు. నొప్పి నాకొస్తది, నీకు రాదు."

వాడు అనుమానంగా చూసి, కొంచెం పిసికాడు.

"అబ్బా!" అంది లూర్దమ్మ కళ్లు పెద్దవి చేసి.

వాడి మొహం మీద ఏదో వెలిగింది. ఇంకాస్త గట్టిగా పిసికాడు.

"అయ్యో, సచ్చిన్రో! దేవా, గీ పహిల్వాన్ నన్ను సంపుతుండు!"

విస్సు పకపకా నవ్వాడు. బలమంతా తెచ్చుకుని పిసికాడు. లూర్దమ్మ తల గోడకేసి ఆనించి, "మొగిలయ్య తమ్మీ ఉరుకు! శాంతయ్యా ఉరుకు!" అని సన్నగా అరిచింది. బయట శాంతయ్య నిజంగానే ఉరకబోతే తారామణి అతని చొక్కా పట్టుకుని ఆపింది. వాడు పిసుకుతున్నాడు, ఈమె అరుస్తోంది, వాడు నవ్వుతున్నాడు, పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు. అలా నవ్వే పిల్లాడు దేన్నీ పట్టుకుని ఆపుకోలేడు. ఆ నవ్వు మధ్యలో ఒక్క క్షణం వాడు ఆగి, ఆశ్చర్యంగా ఎటో చూశాడు. మళ్లీ గట్టిగా పిసికాడు. ఈసారి లూర్దమ్మ నటించలేదు, గోరు నిజంగానే దిగింది.

పేపరు మీద చప్పుడైంది.

"నొచ్చిందా కొడుకా?" అంది గుసగుసగా.

విస్సు ఆలోచించాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత మిగతా పనంతా తీరిగ్గా, ఇంటి యజమానిలాగా పూర్తి చేశాడు.

లూర్దమ్మ వాణ్ణి కడిగి, తుడిచి, తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. నోటితో ఏమీ చెప్పలేదు. తల మాత్రం ఊపింది.

అరవొద్దన్నది అందరికీ గుర్తుంది. అందుకే ఆ వాకిట్లో చప్పుడు లేని పండగ మొదలైంది. తారామణి కొంగు నోట్లో కుక్కుకుని గుండ్రంగా తిరిగింది. ముసలామె ఆకాశానికి రెండు చేతులూ ఎత్తింది. మొగిలయ్య శాంతయ్యను ఎత్తి దించాడు. కామాక్షి లోపలికొచ్చి లూర్దమ్మ పాదాల దగ్గర కూలబడి ఏడ్చింది, శబ్దం లేకుండా. త్రిమూర్తులు పేపరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, రాజపత్రం చదువుతున్నంత శ్రద్ధగా చూసి, "ఎంత బావుందండీ," అన్నాడు.

అప్పుడే గేటు దగ్గర ఆటో హారను మోగింది.

త్రిమూర్తులు లేచి పరుగెత్తాడు. పెట్టె తీసుకోకుండా ఆటో ఎక్కాడు. "స్టేషనుకా సార్?" అంటే, "కాదు, టెలిఫోను బూత్‌కి, త్వరగా!" అన్నాడు. లూర్దమ్మ కూడా ఎక్కింది. ఈ మనిషి వాళ్లమ్మ గొంతు వింటే మాట మారుస్తాడేమోనని ఆమెకు భయం.

ఆదివారం, మెయిన్ రోడ్డు మీద బూత్ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. త్రిమూర్తులు చేతులు జోడించి, "అర్జెంటండీ," అంటే దారిచ్చారు. ఏ కబురో అని అందరూ జాలిగా చూశారు. లైను సరిగ్గా లేదు. అరవాల్సి వచ్చింది.

"అమ్మా! వెళ్లాడమ్మా! విస్సు దొడ్డికెళ్లాడు!... దొడ్డికి!... అవును, ఇప్పుడే!... ఎంతంటే... అమ్మా, ఇక్కడ జనం ఉన్నారు... చాలానే!... మెత్తగానే!... లేదు, రక్తం లేదు!"

వరసలో ఒకాయన "శభాష్" అన్నాడు. వెనక ఒక తల్లి చప్పట్లు కొట్టింది. ఇక్కడ కొట్టవచ్చు.

తర్వాత అటునుంచి చాలాసేపు మాట. త్రిమూర్తులు "ఊఁ, ఊఁ" అంటున్నాడు. వింటూ వింటూ అతని భుజాలు దిగిపోతున్నాయి. లూర్దమ్మ అద్దం తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. బొటనవేలికి ఎర్రగా గోటి గాటు. త్రిమూర్తులు ఆ వేలిని చూశాడు.

"లేదమ్మా. తీసుకురాను. వాడికి ఆకలేస్తోందమ్మా. వాళ్లమ్మ పెడితే తింటున్నాడు. వాడు వాళ్లమ్మ దగ్గరే ఉంటాడు."

అటునుంచి ఆ పెద్దావిడ గొంతు బయటికి కూడా వినబడేలా: "అయితే ఈ మాత్రానికి నాకెందుకురా ఫోను?"

"చెప్పకపోతే నువ్వు నిద్రపోవు కదమ్మా."

అటు సన్నగా ముక్కు చీదిన చప్పుడు. "నిన్ను కూడా మీ నాయనమ్మ పట్టుకుపోతానందిరా, నీకు మూడేళ్లప్పుడు. నేనివ్వలేదు," అందామె. "సరే. కామాక్షిని తినమను. వారం రోజులుగా అదీ తిని ఉండదు. పై నెలలో నేనే వస్తాను."

తిరిగొచ్చేటప్పుడు ఆటోవాడు సగం దారిలో బండి పక్కకు ఆపాడు. "అమ్మా, జర తప్పుగ అనుకోకు. లాలాపేట్‌ల మా చెల్లె బిడ్డకు గూడ గిదే తక్లీఫ్. ఏ దవాఖానా?"

"పాలెన్ని తాగుతది?" అంది లూర్దమ్మ.

"పాలేనమ్మా, ఇంకేం దినది."

"గట్లనా. రేపు తొమ్మిదింటికి పట్కరమ్మను. ఇరుగుపొరుగోళ్లను గూడ పట్కరమ్మను," అంది.

వాళ్లు వాడలోకి వచ్చేసరికి కామాక్షి పెట్టె ముందు కూర్చుని ఉంది. వెళ్లడమో ఉండడమో తెలియక మూత మీద చేతులు పెట్టుకుని. త్రిమూర్తులు గుమ్మంలో నిలబడి, "అమ్మ నిన్ను అన్నం తినమంది," అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియక జేబులోంచి రైలు టికెట్లు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

కామాక్షి ఆ టికెట్లను చూసింది. మూత తెరిచి ఒక చొక్కా తీసి దండెం మీద వేసింది. తర్వాత ఒక లాగు. మూడో బట్ట తీస్తుండగా విస్సు వచ్చి ఆమె వీపు మీద వాలి, రెండు చేతులూ మెడ చుట్టూ వేశాడు.

"అమ్మా, పప్పన్నం."

కామాక్షి పెట్టెను సగంలోనే వదిలేసి కంచం కడగడానికి లేచింది.